మానిటర్ 1024×768 దాటి వెళ్లడం లేదు: లినక్స్ మింట్‌లో 1920×1080 ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు చేత్తో రాసుకున్న జ్ఞాపకాల నోటు పుస్తకాలు ఏడు ఉన్నాయి. వాటిని టైపు చేసి, ప్రూఫు చూసి పుస్తకంగా తేవాలని రెండేళ్లుగా కూర్చుంటున్నాను. ఆ పనంతా ఒక పాత డెస్క్‌టాప్ మీదే. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్, వేరే కార్డు ఏమీ లేదు. లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కానీ లోపల విరిగిపోయింది, అందుకే వీజీఏతోనే నడిపిస్తున్నాను.

ఇన్నాళ్లూ పాత చదరపు మానిటర్ వాడాను. దాని వైరు దానికే అతికి ఉండేది. పోయిన వారం అది పూర్తిగా పాడైంది. మా అన్నయ్య తన దగ్గర ఖాళీగా ఉన్న 21.5 అంగుళాల వెడల్పు మానిటర్ ఇచ్చాడు. దాని అట్టపెట్టె మీద 1920×1080 అని ఉంది. వైరు మాత్రం రాలేదు, సొరుగులో ఎప్పటిదో ఒక వీజీఏ వైరు దొరికితే పెట్టాను.

బొమ్మ వచ్చింది. కానీ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1024×768, 800×600, ఇంకా చిన్నవి ఒకటి రెండు తప్ప ఏమీ కనిపించడం లేదు. స్క్రీన్ నిండా సాగదీసినట్టు ఉంది. సున్న కోడిగుడ్డులా కనిపిస్తోంది. అసలు బాధ అక్షరాలతో. ‘ప’ ఏదో ‘ష’ ఏదో తేడా పట్టుకోలేకపోతున్నాను. ‘థ’లో చుక్క ఉందో లేదో తెలియాలంటే అక్షరాన్ని 300 శాతానికి పెంచి చూడాల్సి వస్తోంది. ఒక్క పేజీకి గంట పడుతోంది, కళ్లు మంటలు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. ఏ మార్పూ లేదు. నాకు టెర్మినల్ తెరవడం వచ్చు, చెప్పింది చెప్పినట్టు కొట్టగలను. అంతకు మించి పెద్దగా రాదు. దయచేసి మెల్లగా, ఒక్కో మెట్టూ చెప్పండి.

మొదటి జవాబు

ముందుగా ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ఇలా 1024 దగ్గర ఆగిపోవడానికి నేను చూసినంతవరకూ రెండే పెద్ద కారణాలు. ఒకటి, గ్రాఫిక్స్ డ్రైవర్ అసలు లేవకపోవడం. మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘కంపాటిబిలిటీ మోడ్’ ఎంచుకుంటే ‘నోమోడ్‌సెట్’ అనే మాట కెర్నెల్‌కి, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాముకి, వెళ్తుంది. కొన్నిసార్లు ఇన్‌స్టాల్ అయ్యాక కూడా అది అలాగే ఉండిపోతుంది. అది ఉన్నంతకాలం డ్రైవర్ పనిచేయదు, స్క్రీన్ సైజు మార్చుకునే వీలూ ఉండదు. రెండోది, మానిటర్ తన వివరాలు కంప్యూటర్‌కి చెప్పలేకపోవడం.

ఏదో తేల్చుకోవడానికి ఈ మూడు చేసి, వచ్చింది ఇక్కడ పెట్టండి.

క్యాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్. వచ్చే వరుసలో నోమోడ్‌సెట్ అనే మాట ఉందా?

తర్వాత ఎక్స్‌రాండర్. అక్షరాలు విడివిడిగా చెప్పాలంటే ఎక్స్, ఆర్, ఎ, ఎన్, డి, ఆర్. అంతే, ఎంటర్ కొట్టండి. పోర్టు పేరు ఏమని వస్తోంది? ‘డిఫాల్ట్’ అని వస్తే డ్రైవర్ లేవలేదని అర్థం. ‘వీజీఏ-1’ లాంటిది వస్తే డ్రైవర్ బాగానే ఉంది. ఆ వరుస చివర మిల్లీమీటర్లలో రెండు అంకెలు ఉంటాయి, అవీ చెప్పండి.

మూడోది, స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ డీఆర్‌ఎం ఫోల్డర్‌లోకి వెళ్తే ‘కార్డ్0-వీజీఏ-1’ లేదా ‘కార్డ్1-వీజీఏ-1’ అని ఒకటి ఉంటుంది. అందులో ఈడీఐడీ అనే ఫైలు ఉంటుంది. దాన్ని క్యాట్‌తో తెరిచి, నిలువు గీత పెట్టి, డబ్ల్యూసీ మైనస్ సి కొట్టండి. ఒక అంకె వస్తుంది, అది కావాలి.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. చేశాను.

నోమోడ్‌సెట్ ఎక్కడా లేదు. ఎక్స్‌రాండర్‌లో ‘వీజీఏ-1 కనెక్టెడ్ ప్రైమరీ 1024x768’ అని వచ్చింది, చివర ‘0ఎంఎం x 0ఎంఎం’ అని ఉంది. 1024x768 పక్కన నక్షత్రం గుర్తు ఉంది. మూడో దానికి సున్నా వచ్చింది. నేను తప్పు కొట్టానేమో అని మళ్లీ చేశాను, మళ్లీ సున్నాయే.

రెండో జవాబు

మీరు తప్పు కొట్టలేదండి. ఆ సున్నాయే మీ జవాబు.

నేను నలభై డెస్క్‌టాప్‌లున్న ఒక ల్యాబ్ చూసుకుంటాను. అన్నిట్లోనూ లినక్సే. ఈ సమస్య ఎన్నిసార్లు చూశానో. ఇది అర్థమైతే మళ్లీ జన్మలో కంగారు పడరు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ప్రతి మానిటర్‌లో ఒక చిన్న చిప్ ఉంటుంది. అందులో మానిటర్ తన జాతకం రాసుకుని ఉంటుంది: ఎవరు తయారుచేశారు, ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు, ఎంత ఎత్తు, ఏయే రిజల్యూషన్లు చూపగలదు, అన్నిటికన్నా దేన్ని ఇష్టపడుతుంది. దీన్నే ఈడీఐడీ అంటారు. వీసా అనే ప్రమాణాల సంస్థ 1994లో తెచ్చిన పద్ధతి ఇది. దీని ప్రధాన భాగం 128 బైట్లే. చివరి బైటు లెక్క సరిచూసుకోవడానికి. 128 బైట్లనూ కూడి 256తో భాగిస్తే శేషం సున్నా రావాలి, రాకపోతే చదివింది చెడిపోయినట్టు.

వైరు తగిలించగానే కంప్యూటర్ ఈ 128 బైట్లు అడుగుతుంది. వీజీఏ ప్లగ్గులో పదిహేను పిన్నులుంటాయి కదా. రంగులకు మూడు, అడ్డం నిలువు కొలతల సంకేతాలకు రెండు. ఈ జాతకం చదవడానికి 12వ పిన్ను, 15వ పిన్ను. ఒక దానిమీద సమాచారం నడుస్తుంది, రెండో దానిమీద గడియారం. పాత వైర్లలో, చవక వైర్లలో ఈ రెండిటికీ లోపల తీగే ఉండదు, లేదా తెగిపోయి ఉంటుంది. రంగుల తీగలు బాగానే ఉంటాయి కాబట్టి బొమ్మ వస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అటువైపు ఏ మానిటర్ ఉందో తెలియదు. తెలియని మానిటర్‌కి ఎక్కువ పంపితే ప్రమాదమని కెర్నెల్ 1024×768 దగ్గర ఆగుతుంది. మీకు 0 ఎంఎం అని వచ్చింది కూడా అందుకే. కొలత చెప్పేవాళ్లు లేరు.

వైరు తీసి ప్లగ్గులోకి ఒకసారి చూడండి. వంగిన పిన్ను ఉందేమో. 9వ పిన్ను లేకపోతే మాత్రం కంగారు పడకండి, చాలా వైర్లలో అది ఉండదు, దానితో మీకు పనిలేదు.

అసలు మందు మంచి వైరు. అది వచ్చేలోపు పని నడవాలంటే, మానిటర్ చెప్పాల్సింది మనమే చెప్పొచ్చు. నాలుగు మెట్లు.

సీవీటీ 1920 1080 60 అని కొట్టండి. ఆ రిజల్యూషన్‌కి కావాల్సిన అంకెలు లెక్కకట్టి ఇచ్చే కమాండ్ ఇది. ‘మోడ్‌లైన్’ అని మొదలయ్యే వరుస ఒకటి వస్తుంది. అందులో కొటేషన్లలో ఒక పేరు, తర్వాత 173.00, ఆ తర్వాత వరుసగా అంకెలు.

ఎక్స్‌రాండర్, ఖాళీ, రెండు డ్యాష్‌లు, వెంటనే న్యూమోడ్. తర్వాత ఖాళీ వదిలి, మోడ్‌లైన్ అనే మాట తీసేసి మిగతా వరుసంతా అతికించండి.

తర్వాత ఎక్స్‌రాండర్, రెండు డ్యాష్‌లు యాడ్‌మోడ్, వీజీఏ-1, ఆ కొత్త పేరు. చివరికి ఎక్స్‌రాండర్, రెండు డ్యాష్‌లు ఔట్‌పుట్, వీజీఏ-1, రెండు డ్యాష్‌లు మోడ్, అదే పేరు. వీజీఏ అన్నచోట పెద్ద అక్షరాలే, ఎక్స్‌రాండర్ చూపించినట్టు.

అడిగినవారు

పిన్నులు చూశాను. వంగినవి లేవు. కానీ 12 ఉండాల్సిన చోట పిన్నే లేదు! నేను లెక్కపెట్టడంలో పొరపాటు కాదు, నాలుగుసార్లు లెక్కపెట్టాను.

మీరు చెప్పిన మెట్లన్నీ జాగ్రత్తగా కొట్టాను. చివరి దానికి ఎంటర్ కొట్టగానే స్క్రీన్ నల్లబడింది. మానిటర్ మధ్యలో ‘ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్’ అని ఒక డబ్బా తేలుతూ తిరిగింది. చాలా టెన్షన్ పడ్డాను. మానిటర్ పాడైపోయిందేమో అనుకున్నాను, అది అన్నయ్యది. ఏం చేయాలో తోచక కంప్యూటర్ ప్లగ్ పీకేశాను. మళ్లీ ఆన్ చేస్తే పాత 1024తోనే మామూలుగా వచ్చింది. తెరిచి ఉన్న ఫైలులో ఆఖరి రెండు పేరాలు పోయాయి, మళ్లీ టైపు చేసుకున్నాను.

ఇప్పుడు మళ్లీ కొట్టాలంటే భయంగా ఉంది.

రెండో జవాబు

క్షమించండి. ముందే హెచ్చరించి ఉండాల్సింది నేను. మీ మానిటర్‌కి ఏమీ కాలేదు. తన వల్ల కాని సంకేతం వస్తే నిరాకరించి ఆ డబ్బా చూపించడం తప్ప అది ఇంకేమీ చేయదు.

ఎక్స్‌రాండర్‌తో చేసిన మార్పు ఎక్కడా రాసి ఉండదు. లాగవుట్ అయితే పోతుంది. కాబట్టి ఇంకెప్పుడైనా ఇలా అయితే ప్లగ్ పీకొద్దు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే అక్షరాలు మాత్రమే ఉండే నల్లటి తెర వస్తుంది. అది కెర్నెల్ సొంత తెర, అది పాత కొలతలోనే ఉంటుంది. అక్కడ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి సూడో రీబూట్ కొట్టండి, శుభ్రంగా మళ్లీ మొదలవుతుంది. ఫైలు సేవ్ చేయకుండా ప్రయోగం చేయొద్దని కూడా చెప్పాల్సింది.

మానిటర్ పుస్తకం అన్నయ్య దగ్గర ఉంటే, అందులో పిక్సెల్ క్లాక్ (సెకనుకు ఎన్ని చుక్కలు అన్న లెక్క) ఎంత అని ఉందో చూడగలరా?

అడిగినవారు

ఫోటో తీసి పంపాడు. ‘గరిష్ఠ పిక్సెల్ క్లాక్ 170 మెగాహెర్ట్జ్’ అని ఉంది. అడ్డం ఫ్రీక్వెన్సీ 30 నుంచి 83 కిలోహెర్ట్జ్, నిలువు 56 నుంచి 75 హెర్ట్జ్.

మూడో జవాబు

మధ్యలో వస్తున్నాను, ఈ లెక్క నాకు చాలా ఇష్టమైంది.

సీవీటీ ఇచ్చిన వరుసలో మొదటి అంకె 173.00 కదా. అది పిక్సెల్ క్లాక్, అంటే సెకనుకు 17 కోట్ల 30 లక్షల చుక్కలు. మీ మానిటర్ 17 కోట్ల దగ్గర ఆగుతుంది. మూడే మెగాహెర్ట్జ్ ఎక్కువ, అందుకే ఒప్పుకోలేదు.

కానీ 1920×1080 అంటే సుమారు 20 లక్షల 74 వేల చుక్కలే. సెకనుకు 60 సార్లు గీసినా 12 కోట్ల 44 లక్షలు దాటదు. మరి 17 కోట్లు ఎక్కడినుంచి వచ్చాయి? పాత గాజు గొట్టం మానిటర్ల నుంచి. వాటిలో ఎలక్ట్రాన్ పుంజం ఒక వరుస కుడి చివరిదాకా గీశాక, తిరిగి ఎడమవైపు రావడానికి సమయం కావాలి. కింది దాకా గీశాక మళ్లీ పైకి రావాలి. ఆ వెనక్కి వచ్చే సమయమంతా ఖాళీగా వదలాలి. సీవీటీ మామూలుగా ఆ పాత మానిటర్లనే మనసులో పెట్టుకుని లెక్క కడుతుంది. మీ వరుసలో 2576 అనే అంకె చూడండి. ఒక్కో వరుసకి 1920 చుక్కలు చూపించి, 656 చుక్కల సమయం ఖాళీగా వదులుతోంది. నిలువునా 1080కి 1120. ఈ రెండిటినీ గుణించి 60తో గుణిస్తే దాదాపు 173 మెగాహెర్ట్జ్.

ఎల్‌సీడీలో వెనక్కి వచ్చే పుంజమే లేదు. అంత ఖాళీ అక్కర్లేదు. అందుకే సీవీటీకి మైనస్ ఆర్ అని ఒక ఏర్పాటు ఉంది. సీవీటీ, ఖాళీ, మైనస్ ఆర్, ఖాళీ, 1920 1080 60. ఇప్పుడు వచ్చేది ఇలా ఉంటుంది:

1920x1080ఆర్, 138.50, 1920 1968 2000 2080, 1080 1083 1088 1111, ప్లస్ హెచ్‌సింక్, మైనస్ వీసింక్.

ఖాళీ 656 నుంచి 160కి తగ్గింది. క్లాక్ 138.5, మీ 170కి చాలా కింద. అడ్డం ఫ్రీక్వెన్సీ కావాలంటే 138.5ని 2080తో భాగించండి, 66.6 కిలోహెర్ట్జ్ వస్తుంది. మీ పుస్తకంలోని 30–83 మధ్యలో చక్కగా కూర్చుంటుంది. వీజీఏ వైరులో నడిచేది అనలాగ్ సంకేతం కాబట్టి క్లాక్ తగ్గితే అక్షరాల అంచులు కూడా కాస్త తేరుకుంటాయి.

భయం లేకుండా ప్రయత్నించడానికి ఒక ఉపాయం. న్యూమోడ్, యాడ్‌మోడ్ రెండూ విడిగా కొట్టేయండి, వాటివల్ల తెర మారదు. తెరను మార్చే చివరి కమాండ్‌ను ఒక్కటే కొట్టకుండా, మూడు కలిపి ఒకే వరుసలో, మధ్యలో సెమీకోలన్లు పెట్టి కొట్టండి. మొదట కొత్త మోడ్‌కి మార్చే ఎక్స్‌రాండర్. తర్వాత స్లీప్ 15. తర్వాత మళ్లీ 1024x768కి మార్చే ఎక్స్‌రాండర్. తెర నల్లబడినా చేతులు కట్టుకుని కూర్చోండి, పదిహేను సెకన్లకి దానంతటదే పాతదానికి వచ్చేస్తుంది. బొమ్మ బాగా వస్తే ఆ పదిహేను సెకన్లలోపే కంట్రోల్ సి నొక్కండి, కొత్తది అలాగే ఉండిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘ఇది ఉంచాలా’ అని అడిగి లెక్కపెడుతుందే, ఆ సదుపాయం టెర్మినల్‌లో లేదు. అందుకే మనమే కట్టుకోవాలి.

అడిగినవారు

వచ్చింది!! ఎంటర్ కొట్టి మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. మూడు అనేలోపే వెడల్పుగా, నిండుగా వచ్చేసింది. కంట్రోల్ సి నొక్కాను, నిలబడింది. సున్న గుండ్రంగా ఉంది. నాన్నగారి నోటు పుస్తకం స్కాన్ ఎడమపక్క, నా టైపు కుడిపక్క, రెండూ ఒకేసారి పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఒకటి మూసి ఒకటి తెరిచేదాన్ని.

రెండు సంగతులు. తెర మొత్తం ఒక గోరంత కుడికి జరిగినట్టుంది, ఎడమ అంచున నల్లటి పట్టీ. అక్షరాల పక్కన నీడలా సన్నగా వణుకుతోంది కూడా. రెండోది, లాగవుట్ చేసి వస్తే మళ్లీ 1024. రోజూ ఇవన్నీ కొట్టాలా?

రెండో జవాబు

సంతోషం అండి.

నల్లపట్టీ, వణుకు మానిటర్ పని. అనలాగ్ సంకేతంలో చుక్క ఎక్కడ మొదలవుతుందో మానిటరే అంచనా వేసుకోవాలి. మానిటర్ మీద ‘ఆటో’ అనే బటన్ ఉంటుంది, లేదా మెనూలో ‘ఆటో అడ్జస్ట్’. తెర నిండా అక్షరాలున్న తెల్లటి పేజీ తెరిచి అప్పుడు నొక్కండి. ఖాళీ నల్లటి తెర మీద నొక్కితే అంచులు ఎక్కడో దానికి దొరకవు. ఇంకా వణుకు మిగిలితే మెనూలో ‘ఫేజ్’ అని ఉంటుంది, ఒక్కో అంకె జరుపుతూ అక్షరం నిలకడగా కనిపించే చోట ఆపండి.

ఇక రోజూ కొట్టక్కర్లేదు. మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైలు తయారుచేసి, ఆ మూడు ఎక్స్‌రాండర్ వరుసలూ అందులో పెట్టండి. స్లీప్ వద్దు, పాతదానికి మార్చే వరుసా వద్దు. లాగిన్ అయినప్పుడల్లా అది చదువుకుంటుంది. లాగిన్ తెర మాత్రం 1024లోనే ఉంటుంది.

లాగిన్ తెర కూడా బాగుండాలంటే ఈటీసీ లోపల ఎక్స్11, దాని లోపల ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్.డి ఫోల్డర్‌లో 10-మానిటర్.కాన్ఫ్ అనే ఫైలు పెట్టాలి. అందులో ‘మానిటర్’ అనే సెక్షన్, ఐడెంటిఫయర్‌గా వీజీఏ-1, సీవీటీ ఇచ్చిన మోడ్‌లైన్ వరుస, ‘ప్రిఫర్డ్‌మోడ్’ ఆప్షన్. నా మాట వింటే మీరు ఎక్స్‌ప్రొఫైల్‌తో సరిపెట్టుకోండి. ఇది వైరు వచ్చేదాకా కట్టిన కట్టు మాత్రమే. పైగా ఈటీసీలో ఒక అక్షరం తప్పుపడితే డెస్క్‌టాప్ లేవకుండా పోవచ్చు.

ఆ 12వ పిన్ను లేని వైరును దయచేసి మళ్లీ సొరుగులో పెట్టకండి. మా ల్యాబ్‌లో ఇలాంటి వైరు ఒకటి మూడేళ్ల పాటు ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తిరిగింది. అది ఎక్కడికి వెళ్తే అక్కడ ‘గ్రాఫిక్స్ పోయింది’ అని ఫిర్యాదు వచ్చేది. ఒకసారి ఆపరేటింగ్ సిస్టమే తీసి మళ్లీ ఎక్కించాను. కారణం వైరు అని తెలిసిన రోజున దాని రెండు కొనలూ కత్తిరించి పడేశాను.

నాలుగో జవాబు

ఇదే సమస్యతో వచ్చేవాళ్ల కోసం రెండు ముక్కలు.

తెర మీద బొమ్మ గీయడానికి లినక్స్‌లో రెండు పద్ధతులున్నాయి, పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. మీ డెస్క్‌టాప్ వేలాండ్ మీద నడుస్తుంటే పైన చెప్పిన ఎక్స్‌రాండర్ పద్ధతి పనిచేయదు. ఎకో కొట్టి, డాలర్ గుర్తు, ఎక్స్‌డీజీ సెషన్ టైప్ అని పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్లతో కొడితే ఎక్స్11 అనో వేలాండ్ అనో చెప్తుంది. వేలాండ్ అయితే కొత్త మోడ్‌ను కెర్నెల్‌కే చెప్పాలి. ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్ ఫైలులో కెర్నెల్ వరుసకి వీడియో=వీజీఏ-1:1920x1080ఎంఆర్@60 అని చేర్చి, సూడో అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయాలి. అందులో ఎం అంటే సీవీటీ లెక్క కట్టమని, ఆర్ అంటే పైన చెప్పిన తక్కువ ఖాళీ. ఇలా చేస్తే మొదటి కెర్నెల్ అక్షరాల నుంచీ పెద్ద తెరే వస్తుంది.

1366×768 మానిటర్ ఉన్నవాళ్లు సీవీటీకి 1366 ఇస్తే అది 1368 అని తిరిగి ఇస్తుంది. మీరు తప్పు కొట్టలేదు, అది వెడల్పును ఎనిమిదితో భాగించగలిగే అంకెకి సర్దుకుంటుంది.

ఐదో జవాబు

నాది సాంకేతిక సలహా కాదు, కళ్ల గురించి. నేనూ రోజూ తెలుగు టైపు చేసేవాణ్ని.

1920×1080 వచ్చాక అక్షరాలు చిన్నగా అనిపిస్తాయి. 21.5 అంగుళాల తెరలో అంగుళానికి 102 చుక్కలు పడతాయి. అప్పుడు చాలామంది చేసే పని, అక్షరాలు పెద్దవి కావాలని మళ్లీ రిజల్యూషన్ తగ్గించడం. దయచేసి ఆ పని చేయొద్దు. ఎల్‌సీడీలో చుక్కలు లెక్కగా అమర్చి ఉంటాయి. తక్కువ రిజల్యూషన్ పంపితే ఒక చుక్కను చుక్కన్నర మీదకి సాగదీయాలి, అంచులన్నీ అలుక్కుపోతాయి. ఇంగ్లిష్‌కి అది కొంత చెల్లుతుంది. మన లిపిలో ఒక తలకట్టు, ఒక పొట్టలో చుక్క, ఒక ఒత్తు చివర తోకతోనే అక్షరం మారిపోతుంది.

రిజల్యూషన్ 1920×1080 దగ్గరే ఉంచి, సెట్టింగ్స్‌లో అపియరెన్స్, అందులో ఫాంట్స్, కింద ‘కస్టమ్ డీపీఐ’ (డీపీఐ అంటే అంగుళానికి చుక్కలు) టిక్ పెట్టి 96 ఉన్నచోట 120 పెట్టండి. అంతా పాతిక శాతం పెద్దదవుతుంది, అంచులు పదునుగానే ఉంటాయి. ఒత్తులు చిక్కుకోకుండా ఉండాలంటే ప్రూఫు చూసేటప్పుడు వరుసల మధ్య ఖాళీ ఒకటిన్నర పెట్టుకోండి. నేను ప్రూఫుకి పోతన, మిగతా వాటికి లోహిత్ తెలుగు వాడతాను. ప్రూఫు చూసే ఫాంటు, అచ్చుకు వెళ్లే ఫాంటు వేరుగా ఉంటే కన్ను అలవాటు పడిపోయిన తప్పులు కూడా బయటపడతాయి.

అడిగినవారు

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. వైరు నిన్న వచ్చింది. తగిలించే ముందు పిన్నులు లెక్కపెట్టాను. 9వది లేదు, 12, 15 ఉన్నాయి.

ముందు ఎక్స్‌ప్రొఫైల్ ఫైలు తీసేసి, కంప్యూటర్ ఆపి, వైరు మార్చి ఆన్ చేశాను. లాగిన్ తెరే 1920×1080లో వచ్చింది, నేనేమీ కొట్టకుండానే. ఈడీఐడీ ఫైలు లెక్క ఈసారి 128. ఎక్స్‌రాండర్‌లో 476ఎంఎం x 268ఎంఎం అని వచ్చింది. నమ్మకం కుదరక స్కేలు పెట్టి తెర కొలిచాను, సరిపోయింది. 1920x1080 పక్కన నక్షత్రం, దాని పక్కన ప్లస్ గుర్తు ఉన్నాయి. ఆ ప్లస్ మానిటర్ తనంతట తాను కోరుకున్నదన్న గుర్తు అని వెతికి తెలుసుకున్నాను.

ఆటో బటన్ తెల్లటి పేజీ మీద నొక్కాను, వణుకు పోయింది. డీపీఐ 120 పెట్టాను. పాత వైరు రెండు కొనలూ కత్తిరించాను.

ఈ రోజు మొదటి నోటు పుస్తకం మళ్లీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టాను. 37వ పేజీలో నాన్నగారు ‘నాకు దాని అర్థం చాలా ఏళ్లకు గాని తెలియలేదు’ అని రాశారు. నేను ‘అర్ధం’ అని టైపు చేసి ఉన్నాను. ఆ పేజీ పాత తెర మీద రెండుసార్లు ప్రూఫు చూసిందే. దిద్దాను. 38వ పేజీకి వెళ్తున్నాను.